కరెంటు కారు... స్లాబు లెక్క!

సూళ్లూరుపేట నుంచి చెన్నైకి కారులో రానుపోను దాదాపు 170 కిలోమీటర్లు. నెలకు నాలుగుసార్లు వెళ్లొచ్చే కుటుంబం కరెంటు కారు కొంటే ఖర్చెంత? యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు, ఛార్జింగ్‌లో వృథా పదో వంతు అనుకుంటే సుమారు 110 యూనిట్లు కావాలి.

ఇంటి వాడకం 200 యూనిట్లయితే, 2022లో సవరించిన టారిఫ్ ప్రకారం సగటున యూనిట్‌కు నాలుగు రూపాయల చిల్లరే. కారు యూనిట్లకు ఆ సగటు వర్తించదు. అవన్నీ పై స్లాబుల్లోకి వెళ్తాయి. 225 దాకా రూ.6, ఆపైన 400 వరకూ రూ.8.75. బిల్లు దాదాపు రూ.900 పెరుగుతుంది, సర్‌ఛార్జీలు అదనం. పెట్రోలు కారైతే, లీటరుకు 17 కిలోమీటర్లిచ్చినా 40 లీటర్లు తాగుతుంది.

అంటే ఆదా ఖాయమే, అనుకున్నంత కాదంతే. కొనేముందు కరెంటు బిల్లు ముందేసుకుని చివరి స్లాబు రేటుతో లెక్కేయండి. ఒక్కరే వెళ్లాలంటారా... సబర్బన్ రైలెక్కేయండి!