అద్దమును తెరయును

2003వ సంవత్సరము ఆగస్టు మాసమున జపానుకు చెందిన రెండు పెద్ద సంస్థలు కొలది దినముల తేడాతో రెండు కెమెరాలను లోకమునకు ప్రకటించినవి. ఒకటి కెనన్ వారి ఈ.ఓ.ఎస్. 300డి. రెండవది సోనీ వారి సైబర్‌షాట్ ఎఫ్ 828. రెండును ఫిలిము అక్కరలేని డిజిటల్ కెమెరాలే. రెండింటి వెలయు అమెరికాలో వేయి డాలర్లకు అటునిటుగనే ఉండెను. అంత సొమ్ము కూడబెట్టుకొని ఆ యేటి చివర అంగడికి పోయినవానికి ఎదురైన ప్రశ్న ఒక్కటే: దీనిని కొనవలెనా, దానిని కొనవలెనా?

చూచుటకు ఇది చిన్న ప్రశ్న. ఇరువది యేండ్లు దాటిన పిమ్మట వెనుదిరిగి చూచినచో, ఆ రెండు పెట్టెలలో దాగియున్నవి రెండు వేరువేరు సిద్ధాంతములని తెలియుచున్నది. ఆనాడు కెమెరాలెరిగిన వారిలో పెక్కుమంది ఇచ్చిన తీర్పు ఒకటి. కాలమిచ్చిన తీర్పు మరియొకటి. ఈ రెండవ తీర్పు ఎవరి పక్షమున వచ్చినదో ఒక్కమాటలో చెప్పుటకు వీలులేదు. అందువలననే ఈ కథ చెప్పదగినదైనది.

ఛాయాగ్రాహకునకు పూర్వమునుండియు ఒక కష్టము కలదు. కన్ను ఒకచోట, లెన్సు మరియొకచోట ఉండుటచే, కన్ను చూచినదొకటి, పటమున పడినదొకటి అగుచుండెడిది. ఇంగ్లండు దేశీయుడైన థామస్ సట్టన్ 1861లో దీనికొక ఉపాయము కనిపెట్టి పేటెంటు పొందెను. లెన్సు వెనుక ఏటవాలుగా ఒక అద్దమును నిలుపుట, ఆ అద్దము వెలుతురును మీదికి త్రిప్పి ఒక గాజుపలకపై బింబమును చూపుట, చిత్రము తీయు క్షణమున అద్దము తొలగి వెలుతురునకు దారి ఇచ్చుట. ఇంతే ఉపాయము. లెన్సు చూచినదానినే కన్నును చూచును. ఇరువదవ శతాబ్దపు పత్రికా ఛాయాగ్రాహకులలో పెక్కుమంది నమ్ముకొన్న కెమెరాలు ఈ వంశమునకు చెందినవే. 300డి ఆ వంశపు బిడ్డ. ఫిలిము ఉండవలసిన చోట సెన్సరు వచ్చి చేరినది. తక్కినదంతయు తాతలనాటి ఇల్లే. అట్టి డిజిటల్ కెమెరా వేయి డాలర్లలోపు వెలకు దొరకుట అదియే మొదటిసారి. వెల తగ్గించుటకై పైకప్పులోని గాజుదిమ్మెకు బదులు అద్దములను పేర్చిరి. ఒడలికి వెండిరంగు పూసిన ప్లాస్టిక్ తొడిగిరి.

దాని పేర్ల ముచ్చట ఒకటి చెప్పి ముందునకు పోవచ్చును. మనకు 300డి యైన ఈ కెమెరాకు అమెరికాలో 'డిజిటల్ రెబెల్' అని పేరు, జపానులో 'కిస్ డిజిటల్' అని పేరు. ఒకే వస్తువునకు ఒకచోట తిరుగుబాటు, మరియొకచోట ముద్దు! నామకరణము చేసినవారు ఆయా దేశముల కొనుగోలుదారులను ఎట్లు ఊహించుకొనిరో దీనినిబట్టియే తెలిసికొనవచ్చును.

ఎఫ్ 828 ఆకృతియే వేరు. ఒక పెద్ద లెన్సు, దానికి ప్రక్కగా తగిలించిన ఒక పెట్టె. లెన్సును ఎడమచేత పట్టుకొని పెట్టెను మీదికిని క్రిందికిని త్రిప్పవచ్చును. నేలమీద ప్రాకు పసిబిడ్డను బోరగిల పడుకొనకయే తీయవచ్చును. ఊరేగింపును గుంపు తలలమీదుగా నిచ్చెన లేకయే తీయవచ్చును. లోపల అద్దము లేదు. వెలుతురు నేరుగా సెన్సరుపై పడును. సెన్సరు చూచినదే విద్యుత్సంకేతముగ మారి, వెనుకనున్న తెరపైనో, కన్నానించు గూటిలోని అంతకన్న చిన్నదైన తెరపైనో కన్పించును. తోలుబొమ్మలాటలో మనము చూచునది బొమ్మను కాదు గదా, తెరపై పడిన దాని నీడను. ఎఫ్ 828లో చూచువాని స్థితియు అంతే.

అద్దమునకు అలవాటుపడినవారు ఈ తెరను చిన్నచూపు చూచిరి. వారి ఆక్షేపణ నిష్కారణము కాదు. ఆ గూటిలోని తెరకు ఉన్నవి సుమారు 2,35,000 చుక్కలు మాత్రమే. సందెచీకటిలో బింబము ఇసుక చల్లినట్లుండును. పరుగెత్తు బాలుని చూచుచుండగా తెరపై బాలుడు ఒక అడుగు వెనుకబడును. 300డిలో ఈ బాధ లేదు. అందు కన్పించునది లోకమునుండి నేరుగా వచ్చిన వెలుతురే.

కాని అద్దమునకును ఒక వింతలోపము కలదు. మీట నొక్కినంతనే అద్దము పైకి లేచును. ఆ రెప్పపాటు కాలము కంటికి చీకటి. పక్షికన్నును గురిచూచి బాణము విడుచు క్షణముననే అర్జునునకు చీకటి క్రమ్మినట్లు! పటమున నిలిచిన క్షణమును తీసినవాడు చూచియుండడు. ఆ చిత్రము ఎంత వెలుగుగ, ఎంత నల్లగ వచ్చునో ముందుగా తెలియు మార్గమును 300డిలో లేదు. తీసిన పిమ్మటనే వెనుకనున్న చిన్న తెర బ్రతుకును. ఎఫ్ 828 తెరయో, తీయకముందే రానున్న చిత్రపు వెలుగునీడలను చూపును. ఒకటి లోకమును చూపునది, రెండవది చిత్రమును చూపునది. ఈ భేదమును ఆనాడు గుర్తించినవారు తక్కువ.

ఎందుకనగా ఆనాటి అంగడిలో అందరును అడిగిన ప్రశ్న వేరు. అది సంఖ్యను గూర్చినది. సోనీకి 80 లక్షల పిక్సెళ్ళు, కెనన్‌కు 63 లక్షలు. ఎనిమిది ఆరుకంటె పెద్దది కనుక సోనీయే మేలని ప్రకటనలు చదివినవానికి తోచుట సహజము. గణితము బోధించువారు ఇచ్చట కొంచెము ఆగి చూడవలెను.

కెనన్ చిత్రమున అడ్డముగా 3072, నిలువుగా 2048 చుక్కలు. సోనీ చిత్రమున 3264, 2448. మొత్తమున సోనీకి నూటికి ఇరువదియేడు అధికముగ నున్నను, అడ్డమున హెచ్చినది 192 చుక్కలు మాత్రమే, అనగా నూటికి ఆరు. చతురస్రపు భుజము కొంచెము పెరిగినను వైశాల్యము ఎక్కువగా పెరుగునని పాఠశాలలో నేర్చిన సంగతియే ఇది. ప్రకటనకర్తలు వైశాల్యమునే చెప్పుదురు. కన్ను భుజమునే గమనించును.

ఇక అసలు సంగతి. కెనన్ సెన్సరు 22.7 మిల్లీమీటర్ల పొడవు, 15.1 మిల్లీమీటర్ల వెడల్పు గల పలక. చిన్న తపాలాబిళ్ళ యనవచ్చును. సోనీ సెన్సరు 8.8, 6.6 మిల్లీమీటర్లు, చిటికెనవ్రేలి గోరంత. వైశాల్యమున మొదటిది రెండవదానికి ఇంచుమించు ఆరు రెట్లు. ఆ గోరంత పలకలో ఎనుబది లక్షల గదులు కట్టిరి, బిళ్ళంత పలకలో అరువదిమూడు లక్షలు కట్టిరి. కావున ఒక్కొక్క గది వైశాల్యమును లెక్కించినచో కెనన్ గది సోనీ గదికి ఏడున్నర రెట్లు పెద్దది. వాన కురియుచున్నపుడు చూరు క్రింద గంగాళము పెట్టినవానికిని ఉగ్గుగిన్నె పెట్టినవానికిని దొరకు నీటిలో ఎంత తేడాయో, ఈ గదులకు దొరకు వెలుతురులో అంత తేడా. ఎండలో ఇద్దరి పాత్రలును నిండును. చీకటి పడినపుడు ఉగ్గుగిన్నెలో ఒకటి రెండు చుక్కలే పడును. ఆ చుక్కల లెక్కలో తప్పులు దొర్లును. చిత్రమున నీడభాగములందు రంగురంగుల ఇసుకవలె కన్పించునవి ఆ తప్పులే. కెనన్‌లో వెలుతురుపట్టు కొలమానమైన ఐ.ఎస్.ఓ.ను 1600 వరకు హెచ్చించుటకు ఏర్పాటు కలదు. సోనీలో 800తో ఆగెను. 400 దాటినప్పటినుండియే ఇసుక తెలియుచుండెను.

సోనీకి అన్యాయము చేయరాదు. దాని లెన్సు, జర్మనీ దేశపు కార్ల్ జైస్ నామముద్ర ధరించినది, మిగుల విశాలముగా తెరచుకొనును: దగ్గర కొసన ఎఫ్/2, దూరపు కొసన ఎఫ్/2.8. కెనన్‌తో కూడ ఇచ్చిన లెన్సు ఎఫ్/3.5 మొదలుకొని ఎఫ్/5.6 వరకు మాత్రమే. ఎఫ్ సంఖ్యల వర్గముల నిష్పత్తిని చూచినచో, ఒకే మేర సెన్సరుపై సోనీ లెన్సు దగ్గర కొసన మూడురెట్ల వెలుతురును క్రుమ్మరించుచున్నదని తేలును. ఆరింట మూడు పోయినవి. అనగా కెనన్‌కు మిగిలిన ఆధిక్యము రెండు రెట్లే! పైగా ఫిలిము లెక్కలో సోనీ లెన్సు 28 నుండి 200 మిల్లీమీటర్ల వరకు పోవును. కెనన్ లెన్సు 29 నుండి 88 వరకే. అంతకుమించి కావలసినవాడు మరియొక లెన్సును కొని మోయవలెను.

అంత చిన్న కెమెరాకు అంతటి లెన్సు ఎట్లు సాధ్యమైనది? సెన్సరు చిన్నదగుట ఒక కారణము. అద్దము లేకపోవుట మరియొకటి. అద్దము ఊగుటకు చోటు కావలెను కనుక కెనన్ కెమెరాలలో లెన్సు తగులు వలయమునకును సెన్సరునకును నడుమ 44 మిల్లీమీటర్ల ఎడము విడువవలసివచ్చెను. ఆ ఎడములోనికి లెన్సు వెనుకటి గాజును కొంతయైనను చొప్పించుటకై 300డితోడనే ఇ.ఎఫ్.-ఎస్. అను క్రొత్తజాతి లెన్సులను కెనన్ ప్రవేశపెట్టెను. అద్దమునకు చెల్లించు అద్దె అది.

సోనీవారి లోపములను గూర్చి ఆనాడు వినవచ్చిన మాటలలో ఊదారంగు మాట ముఖ్యమైనది. తెల్లని ఆకాశమునకు ఎదురుగా నున్న చెట్టుకొమ్మల అంచులకు ఊదారంగు జలతారు కుట్టినట్లుండెడిది. లెన్సును ఎఫ్/5.6 వరకు మూసినచో అది తగ్గును. కాని విశాలముగా తెరచుకొను లెన్సును కొని దానిని మూసి వాడుకొనుట ఏమి సుఖము? రంగుల విషయముననే వారు మరియొక సాహసము చేసిరి. సెన్సరుపై ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల జల్లెడనుంచుట, అందు ఆకుపచ్చను రెండింతలు చేయుట, కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన పద్ధతి. సోనీవారు ఆ రెండు ఆకుపచ్చలలో ఒకదానిని తొలగించి మరకతవర్ణమును పెట్టిరి. మనుష్యుని కంటి తీరునకు ఇంకను దగ్గరగుననిరి. మరుసటి యేడు అదే పరిమాణపు ఎనుబది లక్షల సెన్సరుతో ఇతర సంస్థల కెమెరాలు పాత మూడు రంగులతోనే వచ్చినవి. మరకతము నిలువలేదు.

కెనన్‌వారి లోపము వేరు విధమైనది. దానిని లోపమనుటకంటె లోభమనుట సమంజసము. అదే సంవత్సరము ఫిబ్రవరిలో 1500 డాలర్ల వెలతో వచ్చిన 10డిలోని సెన్సరే ఇందును ఉన్నది. ఆ పెద్ద కెమెరా అమ్మకము చెడకుండుటకై దాని సదుపాయములు కొన్నింటిని చిన్నదానిలో మూసివేసిరి. ఔత్సాహికులు లోపలి ఆదేశావళిని మార్చి వానిలో కొన్నింటిని తెరచిరి. తాళము వేసిన గది ఇంటిలో ఉన్నదని తెలిసిన పిమ్మట పిల్లలు ఊరకుందురా!

ఆనాటి కొనుగోలుదారుడు పెద్ద సెన్సరును చూచి కెనన్‌ను మెచ్చుకొనినచో అది సరియైన తీర్పే. 2004 జనవరిలో నికాన్ సంస్థ డి70ని ప్రకటించి అదే బాట పట్టినది. గోరంత సెన్సరుతో పెద్ద కెమెరాలు చేయువారి పక్షము పలుచబడసాగెను. కాని అద్దమే శాశ్వతమని తలచినవారు పొరబడిరి. 2005లో సోనీ సంస్థయే ఆర్ 1 అను కెమెరాను తెచ్చెను: అందు సెన్సరు ఇంచుమించు 300డి సెన్సరంతది, చూపు మాత్రము ఎఫ్ 828వలె తెరమీదిది. లెన్సు మార్చుటకు వీలులేదన్న కొరత 2008లో పానసోనిక్ జి 1తో తీరెను. అద్దము లేకయే, తెరమీద చూచుచు లెన్సులు మార్చు డిజిటల్ కెమెరాలలో అది మొదటిది. తెరల చుక్కలు లక్షలనుండి దశలక్షలకు పెరిగినవి, బింబపు ఆలస్యము కంటికి తెలియనంతగా తగ్గినది. 2018లో కెనన్ క్రొత్త వలయమును తెచ్చి, ఆ 44 మిల్లీమీటర్లను 20కి దించెను. 2020లో వచ్చిన 1డి ఎక్స్ మార్క్ 3 తమ అద్దపు కెమెరాలలో చివరి మకుటాయమానమని ఆ సంస్థాధిపతి 2021లో చెప్పెను. ఆ యేటనే వచ్చిన నికాన్ జడ్ 9లో అద్దమే కాదు, కదలు షట్టరును లేదు. చిత్రము తీసినట్లు తెలియుటకై అది టక్కుమను శబ్దమును తానే కల్పించి వినిపించును. కెనన్ సెన్సరును సోనీ చూపును పెండ్లాడి కన్న సంతానమే నేటి కెమెరా.

ఆ తల్లిదండ్రులు ఇరువురును ఇప్పుడు పాతసామానుల విపణిలో ఉన్నారు. ఇటీవలి యేండ్లలో యువజనులు పాత కెమెరాలను వెదకికొనుచు, ఎఫ్ 828లోని వంటి సి.సి.డి. సెన్సర్ల రంగులలో ఏదో మహిమ ఉన్నదనుచున్నారు. ఆ రంగులలో సెన్సరు జాతి పాలుకంటె, ఆనాటి సంస్థలు రంగులను కూర్చిన తీరు, మనము మరచిపోయిన ఎండలు, వీని పాలే అధికమని తోచును. కొనదలచినవారు బ్యాటరీ నిలుచుచున్నదా యని ముందుగా చూచుకొనవలెను. రెండును కాంపాక్ట్ ఫ్లాష్ కార్డును స్వీకరించును; సోనీ తన సొంత మెమరీ స్టిక్‌ను కూడ స్వీకరించును.

పాఠశాలలోని భౌతికశాస్త్రపు బల్లపై మాత్రము ఈ రెండింటికిని నేటికిని పని కలదు. 300డి లెన్సును విప్పి చూపినచో ఏటవాలు అద్దమును, దాని మీద గరుకు పలకను పిల్లలు కన్నులార చూడగలరు. వ్రేలు లోపల పెట్టకుండ మాత్రము చూచుకొనవలెను. ఎఫ్ 828లో 'నైట్‌షాట్' అను మీట యున్నది. దానిని త్రిప్పినపుడు, పరారుణ కిరణములను అడ్డగించు గాజు సెన్సరు ముందునుండి తొలగును. గది తలుపులు మూసి, టెలివిజన్ రిమోటును దానికెదురుగా పట్టి, ఒక విద్యార్థిచే మీట నొక్కించవలెను. కంటికి ఏమియు కానరాదు. పచ్చని తెరమీద రిమోటు కొస మిణుగురువలె మినుకుమినుకుమనును.