తీగలో ఉన్న వేగం గదిలోకి రాదేం?

తాడేపల్లిగూడెం : రాత్రి ఎనిమిది దాటితే పట్టణంలో మేడ మీది గదుల్లోంచి వినిపించే మాట ఒకటే – "నెట్ తిరుగుతోంది!" అబ్బాయి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు ఆప్షన్లు పెట్టుకోవాలి, గడువు ఆ రాత్రికే. అమ్మాయి ఇంట్లోంచే కంపెనీ పని చేస్తోంది, మీటింగు మధ్యలో బొమ్మ ఆగిపోతోంది. మర్నాడు పొద్దున్నే కేబులబ్బాయికి ఫోను. "ఏం బాబూ, మొన్ననే చూసి వెళ్లావు, మళ్లీ మామూలేనా?" "మా వైపు లైను బాగానే ఉందండీ అమ్మగారూ" అని అతను. స్తంభం ఎక్కి దిగి, బాక్సు ఒకసారి ఆపి వేసి, వెళ్లిపోతాడు. సాయంత్రానికి మళ్లీ అదే తంతు.

విచిత్రమేమంటే చాలా ఇళ్లలో ఇద్దరి మాటా నిజమే. తీగలో వేగం ఉంటుంది, గదిలో ఉండదు. మధ్యలో ఉన్నది ఇల్లే.

రాష్ట్రంలో ఇంటింటికీ ఫైబర్ అనే మాట 2015లో ఏపీ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ పుట్టుకతో ఊపందుకుంది. కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగి, కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇళ్లకు ఇచ్చే ఆ పథకాన్ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. టీవీ, ఫోను, నెట్ కలిపి నెలకు రూ.149తో మొదలైన ఆ రోజుల్లో బాక్సు టీవీ పక్కన పెడితే సరిపోయేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ప్రతి గదినీ ఆఫీసుగా, బడిగా మార్చింది. బాక్సు మాత్రం చాలా ఇళ్లలో ఇంకా టీవీ వెనకే ఉంది.

ముందు ఒక్క పరీక్ష

తప్పు ఎవరిదో తేల్చడానికి పంచాయితీ అక్కర్లేదు, రెండు గజాల లాన్ వైరు చాలు. బాక్సుకీ ల్యాప్‌టాప్‌కీ ఆ వైరు కలిపి, వైఫై ఆపి, ఇంట్లో మిగతా ఫోన్లు, టీవీ కట్టేసి వేగం కొలవాలి. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి. వచ్చిన అంకెలు కాగితం మీద రాసుకోవాలి. తర్వాత వైరు తీసి, ఇబ్బంది పడుతున్న గదిలో వైఫై మీద అదే పరీక్ష. వైరు మీద 90 వచ్చి మేడ మీది గదిలో 8 వస్తే కేబులబ్బాయిని కేకలేసి లాభం లేదు. ఇంకా పెద్ద ప్లానుకు మారడం అంతకంటే దండగ. ఆ డబ్బు నెలనెలా గోడలకు సమర్పించుకున్నట్టే!

ఇక్కడే ఇంకో తికమక. ప్లానులో చెప్పేది మెగాబిట్లు, సినిమా దిగేటప్పుడు తెర మీద కనిపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 40 ప్లాను తీసుకున్నవారికి సెకనుకు 5 మెగాబైట్లు దిగుతుంటే మోసమేమీ జరగలేదు, లెక్క సరిపోయింది.

గోడలు, బీరువాలు, నీళ్లు

వైఫై అంటే చిన్న రేడియో స్టేషను. దాని తరంగాలకు చెక్క తలుపు పెద్ద అడ్డు కాదు. ఇటుక గోడ కొంత మింగుతుంది. ఇనుప కమ్ములు అల్లిన శ్లాబు బాగా మింగుతుంది. ఇనుప బీరువా, నిలువుటద్దం, ఫ్రిజ్ వెనక్కి తిప్పికొడతాయి. నీరు పీల్చేస్తుంది, అందుచేత చేపల తొట్టె పక్కన బాక్సు పెట్టడం తగదు. కింద హాల్లో ఒక మూల, టీవీ స్టాండు అరలో, సెట్‌టాప్ బాక్సు మీద వేడెక్కుతూ కూర్చున్న రౌటరు మేడ మీద రెండో మూల గదికి సిగ్నల్ పంపాలంటే ఇవన్నీ దాటాలి.

పాత మండువా లోగిళ్లవారు ఈ విషయంలో అదృష్టవంతులు. గానుగ సున్నం గోడలు ఎంత లావుగా ఉన్నా మధ్యలో ఆకాశం ఉంది. మండువా వైపు కిటికీలో బాక్సు పెడితే నాలుగు వసారాలకూ అందుతుంది.

మిగతావారు చేయవలసింది బాక్సును ఇంటి నడిమికి, నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తుకు తేవడం. తీగ వీధి వైపే దిగింది కదా అనవచ్చు. ఇంట్లోకి పొడుగు ఫైబర్ వేయించుకోవచ్చు, లేదా ఆ బాక్సును అక్కడే ఉంచి లాన్ వైరుతో ఇంకో రౌటరును నడిమింట్లో పెట్టుకోవచ్చు. ఫైబర్‌ను మాత్రం సొంతంగా లాగరాదు. అది గాజు తీగ. గాజులా గుండ్రంగా చుడితే పరవాలేదు, కాగితంలా మడిస్తే లోపలి వెలుగు కారిపోతుంది.

వీధంతా ఒకే చానెల్

వైఫైకి రెండు దారులు. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, నెమ్మది. 5 గిగాహెర్ట్జ్ చాలా వేగం, రెండు గోడలకే నీరసిస్తుంది. మన దేశంలో మొదటిది 2005లోనే లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు, రెండోది విశాలంగా తెరిచింది 2018లో. పాత ఫోన్లు, సీసీ కెమెరాలు మొదటి దారిలోనే నడుస్తాయి. అందులో 13 చానెళ్లు ఉన్నా ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి మూడే – 1, 6, 11. అపార్టుమెంటులో ఇరవై బాక్సులు 6 మీదే ఉంటే అవి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుకోవలసిందే, ఉల్లి మార్కెట్లో పాటలా అందరూ ఒక్కసారి అరిస్తే ఎవరి మాటా వినపడదు. వంటింట్లో మైక్రోవేవ్ కూడా ఇంచుమించు ఆ దారిలోనే పనిచేస్తుంది. అది తిరిగినంతసేపూ పక్కగదిలో వీడియో నత్తనడక.

బాక్సు సెట్టింగుల్లో రెండు దారులకూ వేరువేరు పేర్లు పెడితే టీవీ, ల్యాప్‌టాప్ 5 మీద, దూరపు గది ఫోను 2.4 మీద కుదురుకుంటాయి. చానెల్ ఖాళీగా ఉన్నదానికి మార్చాలి. ఇది పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. పాస్‌వర్డు కూడా అప్పుడే మార్చడం మంచిది. ఏడాది క్రితం ఖాళీ చేసిన అద్దెవారి ఫోను ఇంకా మన నెట్ మీదే ఉండవచ్చు, వారు ఎదురింట్లోనే ఉంటే!

అప్పటికీ అందని గదికి బజారులో రిపీటర్లు అమ్ముతారు. వాటిని అందని గదిలోనే పెట్టడం అందరూ చేసే పని. వినపడనివాడు ఇంకొకరికి ఏం చెబుతాడు? సిగ్నల్ బాగున్న చోట, సగం దారిలో పెట్టాలి. ఒకే దారిలో వినడం, చెప్పడం రెండూ చేసే చవక రకం వేగాన్ని సగానికి కోస్తుంది. ఇల్లు కడుతున్నవారు కరెంటు గొట్టాలతో పాటు ప్రతి గదికీ వేరే గొట్టంలో క్యాట్-6 వైరు వేయించుకుంటే ఈ బాధే ఉండదు.

వైరు మీదే నెమ్మదైతే

అప్పుడు లోపం బయట వెతకాలి, లేదా బాక్సులో. ఎర్ర దీపం వెలుగుతుంటే వెలుగు బాక్సు దాకా రావడం లేదని అర్థం. ఎంత పెద్ద ప్లానైనా 95 దగ్గరే ఆగుతుంటే రౌటరు పాత 100 రకం, లేదా లాన్ వైరులోని ఎనిమిది పోగుల్లో ఒకటి తెగింది. తెల్లవారుజామున వేగంగా ఉండి రాత్రి తొమ్మిదికి పడిపోతుంటే ఒకే ఫైబర్ మీద చాలా ఇళ్లు పంచుకుంటున్నాయి. ఇది ఇచ్చేవారు చూడవలసిన పని. వారం రోజుల అంకెలున్న కాగితం ఇక్కడే అక్కరకొస్తుంది. నోటి మాటతో వదలక ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. పరిష్కారం కాకపోతే ఆ సంస్థ అప్పిలేట్ అధికారికి రాయవచ్చు, 2012 నాటి ట్రాయ్ నిబంధనలు ఆ హక్కు ఇచ్చాయి. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 మెగాబిట్లు ఉండాలని 2023లో కేంద్రం నిర్వచనం మార్చింది.

కొల్లేరు వైపు సంగతి వేరు. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో ఇంటి దగ్గర నెట్ ఉన్నా చెరువు గట్టు మీది మకాంకు కెమెరా పెట్టాలంటే వైఫై అందదు. పైగా మకాం రేకుల షెడ్డు. అక్కడ రిపీటర్లు వరసగా పెట్టి డబ్బు పోగొట్టుకోనక్కర్లేదు. ఇంటి మీద ఒకటి, మకాం మీద ఒకటి, ఎదురెదురుగా చూసుకునే యాంటెనాలు ఎత్తున బిగిస్తే మధ్యలో కొబ్బరి చెట్లు అడ్డం లేనంత వరకు కిలోమీటరు దూరమైనా పనిచేస్తాయి. కరెంటు పోతే రెండు చివరలా ఆగిపోతాయి కనుక 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు రెండు కావాలి, ఒకటి సరిపోదు.