ఒకే కాలువ పాలివారు

పోటీకి సంబంధించిన మాటలు ఆంగ్లభాషలో చాలా ఉన్నాయి. రైవల్, కాంపిటీటర్, అపోనెంట్, ఎడ్వర్సరీ, ఎనిమీ - ఇవన్నీ తెలుగులోకి వచ్చేసరికి తరచుగా ‘ప్రత్యర్థి’ అనే ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ఆవేశం కాస్త హెచ్చితే ‘శత్రువు’ అయి కూర్చుంటాయి. కాని ఇవి పర్యాయపదాలు కావు. ఎదుటి మనిషితో ఉన్న సంబంధం ఎటువంటిదో ఒక్కొక్క మాట ఒక్కొక్క విధంగా చెబుతుంది. ఆ తేడా నిఘంటుకారులకు మాత్రమే పట్టిన విషయం కాదు. ఎదుటివాణ్ణి ఏ పేరుతో పిలుస్తారో, ఆట ముగిసిన తరువాత, ఎన్నిక ముగిసిన తరువాత, అతనితో మనుషులు ఆ పేరుకు తగినట్లే మసలుకుంటారు.

కాలువ గట్టున పుట్టిన మాట

‘రైవల్’కు మూలం లాటిన్‌లోని ‘రీవుస్’. అంటే ఏరు, కాలువ. ఒకే కాలువ నుంచి పొలాలకు నీరు పెట్టుకునే ఇరుగుపొరుగువారు ‘రివాలెస్’. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన న్యాయసంకలనంలో ఉల్పియన్ అనే న్యాయవేత్త ఈ మాటకు చెప్పిన అర్థం కూడా ఇదే. నదికి ఆంగ్లంలో వాడే ‘రివర్’ దీనికి చుట్టమనిపిస్తుంది గాని, కాదు. అది ఒడ్డు అనే అర్థంగల ‘రీపా’ నుంచి వచ్చింది. నీటిని మళ్ళించడమనే అర్థంతో బయలుదేరిన ‘డిరైవ్’ మాత్రం దీనికి తోబుట్టువే.

కాబట్టి రైవల్ అంటే మొదట భాగస్వామి. షేక్స్పియర్ ‘హామ్లెట్’ నాటకం తొలి రంగంలో ఒక కావలిభటుడు తనతోపాటు పహరా కాయవలసినవారిని ఈ మాటతోనే పేర్కొంటాడు. అక్కడ దాని అర్థం సహచరులని. అయితే కాలువలో నీరు తగ్గిననాడు భాగస్వామ్యం తగవులోకి దిగుతుంది. వంతు తప్పించి మడవ మళ్ళించుకున్నాడని పొరుగువాడి మీదికి వెళ్ళడం ఏ పల్లెకూ కొత్త కాదు. రాష్ట్రాల మధ్యనైనా ఇదే కథ. 1973లో బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా జలాలలో 2,060 టి.ఎం.సి.లను మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800గా పంచింది. 2014లో రాష్ట్రం రెండైన తరువాత ఆ ఆంధ్రప్రదేశ్ వాటా కోసమే రెండు తెలుగు రాష్ట్రాలు వాదించుకోవలసి వచ్చింది. ధాత్వర్థం ప్రకారం చూస్తే ఇంతకన్న అచ్చమైన రైవల్స్ ఎక్కడా దొరకరు.

దాయాదులు, సవతులు

మన భాషలు కూడా ఈ మర్మాన్ని ఏనాడో కనిపెట్టాయి. సంస్కృతంలో ‘దాయం’ అంటే పంచుకోవలసిన ఆస్తి. దానిలో హక్కు ఉన్నవాడు దాయాదుడు. ఆ దాయాదినే తెలుగులో పాలివాడన్నారు - పాలు పంచుకునేవాడు గనుక. కాని తెలుగు కావ్యభాషలో ‘దాయ’ అంటే శత్రువనే అర్థం స్థిరపడింది. ‘భ్రాతృవ్యుడు’ అంటే సోదరుని కుమారుడు. వైదిక వాఙ్మయంలో ఆ మాటకే శత్రువనే అర్థమూ ఉంది. పాణిని ఈ రెండర్థాలకూ వేరువేరు ప్రత్యయాలు విధించాడు. శత్రువును చెప్పే ‘సపత్నుడు’ అనే మాట ‘సపత్ని’ నుంచి, అంటే సవతి నుంచి, ఏర్పడింది.

కాలువ, ఆస్తి, భర్త - పంచుకునే వస్తువు ఏదైనా సూత్రం ఒక్కటే. స్పర్ధ దూరపువారితో పుట్టదు. ఒకే వస్తువుపై సమానహక్కు గల దగ్గరివారితో పుడుతుంది. భారత, పాకిస్తాన్ జట్లను ఆంగ్ల పత్రికలు ‘ఆర్చ్ రైవల్స్’ అన్నప్పుడు, తెలుగు క్రీడాపుటలు ‘దాయాదుల పోరు’ అని రాయడం చక్కని అనువాదం. ఒకే కుటుంబం విడిపోయిన చరిత్ర అంతా ఆ మాటలో ఉంది.

ముఖం ఎరుగని పోటీ

‘కాంపిటీటర్’ ధోరణి వేరు. దాని లాటిన్ మూలానికి ‘కలిసి అన్వేషించడం’ అని అర్థం. సమర్థుడని చెప్పే ‘కాంపిటెంట్’ కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. కాంపిటీటర్‌తో పరిచయం అక్కరలేదు, పగ అంతకన్న అక్కరలేదు. సివిల్ సర్వీసు పరీక్షకు కూర్చున్న అభ్యర్థికి లక్షలమంది కాంపిటీటర్లు ఉంటారు. వారిలో ఒక్కరి ముఖమైనా అతడు ఎరగకపోవచ్చు. ఒకే గదిలో, ఒకే దీపం కింద చదివి, తనకన్న నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకునే స్నేహితుడే అతనికి రైవల్.

జర్మన్ సామాజికశాస్త్రవేత్త జార్జ్ సిమ్మెల్ ఈ సంగతిని 1908 నాటి తన గ్రంథంలో విశదపరిచాడు. పోటీ పరోక్షమైన సంఘర్షణ. పోటీదారులు ఒకరినొకరు కొట్టుకోరు, మూడవవాని చేతిలో ఉన్న బహుమానం కోసం ఎవరి దారిన వారు శ్రమిస్తారు. వర్తకులకు ఆ మూడవవాడు కొనుగోలుదారు. అందుకే భారత పార్లమెంటు 2002లో చేసిన చట్టం ‘కాంపిటీషన్’ చట్టమయింది. కాపాడవలసింది పోటీని; వర్తకుల మధ్య స్పర్ధను కాదు.

ఎదుట నిలిచినవారు

‘అపోనెంట్’ అంటే ఎదురుగా ఉంచబడినవాడు. మధ్యయుగపు ఐరోపా విశ్వవిద్యాలయాలలో ఒకరు సిద్ధాంతం ప్రతిపాదిస్తే, దానిని ఖండించవలసిన బాధ్యత అపోనెంట్‌ది. మన శాస్త్రచర్చలలోని పూర్వపక్షం దీనికి దగ్గర. ఎదుటివాని వాదాన్ని ముందుగా సరిగా చెప్పి, ఆ తరువాతనే దానిని ఖండించాలి. ఆ స్థానం తాత్కాలికం. చదరంగపు బల్ల మీది నుంచి లేచిన క్షణంలో అపోనెంట్ మామూలు మనిషి.

‘ఎడ్వర్సరీ’లో కాఠిన్యం ఎక్కువ. న్యాయస్థానంలో ఎదుటి కక్షిదారు ఎడ్వర్సరీ. తెలుగు ‘ప్రత్యర్థి’కి కూడా పుట్టిల్లు న్యాయస్థానమే, ధర్మశాస్త్రాలలో అర్థి వాది, ప్రత్యర్థి ప్రతివాది. ఇక ‘మ్యాచ్’ అన్న మాటకు సరిసమానుడని అర్థం. దీనికి తెలుగులో ‘ఉజ్జీ’ అనే అందమైన మాట ఉంది. ఉజ్జీ కుదరని పందెంలో గెలుపుకు గౌరవం లేదు.

అన్నిటికీ అవతల ఉన్నది ‘ఎనిమీ’. లాటిన్‌లో దీని మూలానికి ‘స్నేహితుడు కానివాడు’ అని అర్థం. యుద్ధంలో ఎదిరించే పరాయి దేశస్థుడికి రోమనులు ‘హోస్టిస్’ అనే వేరొక మాట వాడేవారు. రైవల్ లేకపోతే పంచుకునే కాలువ లేదు. అపోనెంట్ లేకపోతే ఆట లేదు. ఎనిమీ లేకపోతే మాత్రం ఎవరికీ లోటు లేదు. అతనిని గెలవడంతో తృప్తి కలగదు, అతడు లేకుండా పోవాలనిపిస్తుంది.

ప్రజాస్వామ్యం నిలబడేది ఈ తేడా మీదనే. 1826లో బ్రిటిష్ పార్లమెంటులో హాబ్‌హౌస్ అనే సభ్యుడు సగం పరిహాసంగా ‘రాజుగారి ప్రతిపక్షం’ అన్నాడు. ఆ పరిహాసమే వ్యవస్థగా మారింది. ప్రతిపక్ష నాయకుడికి ఖజానా నుంచి జీతం ఇవ్వాలని బ్రిటన్ 1937లో, భారతదేశం 1977లో చట్టాలు చేశాయి. ఎదిరించినందుకు జీతమిచ్చేది అపోనెంట్‌కే గాని, ఎనిమీకి ఎవరూ ఇవ్వరు.

స్పర్ధ పండిన చోట, ఎండిన చోట

జర్మనీలోని హెర్జోగెనౌరాఖ్ అనే చిన్న పట్టణంలో రుడాల్ఫ్, అడాల్ఫ్ డాస్లర్ అనే అన్నదమ్ములు కలిసి బూట్లు తయారుచేసేవారు. 1948లో విడిపోయారు. అన్న ‘ప్యూమా’ను, తమ్ముడు ‘ఆడిడాస్’ను స్థాపించారు. ఊరి మధ్య ప్రవహించే ఔరాఖ్ ఏటికి ఇవతల ఒకటి, అవతల ఒకటి. ఊరు రెండు వర్గాలయింది. అన్న 1974లోను, తమ్ముడు 1978లోను మరణించారు. ఒకే శ్మశానంలో వారి సమాధులు దూరదూరంగా ఉన్నాయి. రెండు కంపెనీల ఉద్యోగులు కలిసి ఒక ఫుట్‌బాల్ ఆట ఆడడానికి 2009 దాకా పట్టింది.

దీనికి భిన్నంగా టెన్నిస్ క్రీడాకారిణులు క్రిస్ ఎవర్ట్, మార్టినా నవ్రతిలోవా 1973 నుంచి 1988 వరకు 80 సార్లు తలపడ్డారు. నవ్రతిలోవా 43 సార్లు, ఎవర్ట్ 37 సార్లు గెలిచారు. ఆ మధ్యనే, 1975లో ఫ్రెంచ్, 1976లో వింబుల్డన్ డబుల్స్ టైటిళ్ళను ఇద్దరూ జంటగా సాధించారు. వారి స్నేహం ఆట మానిన తరువాత కూడా కొనసాగింది.

ఈ రెండు కథలకూ మధ్య తేడాను అరిస్టాటిల్ తన అలంకారశాస్త్ర గ్రంథంలో ఎప్పుడో చెప్పాడు. పొరుగువాని వద్ద ఉన్న గుణం తనకూ కావాలని శ్రమించడం ఒకటి. అది అతనికి ఉండరాదని కుమిలిపోవడం వేరొకటి. మొదటిదానికి ఆంగ్లంలో ‘ఎమ్యులేషన్’ అని పేరు. రెండవది అసూయ. ఆధునిక పరిశోధన కూడా స్పర్ధలోని మేలును కాదనలేదు. అమెరికన్ పరిశోధకుడు గావిన్ కిల్డఫ్ 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చిరకాలపు రైవల్ బరిలో ఉన్నప్పుడు దూరపు పరుగుపందెగాళ్ళు మరింత వేగంగా పరుగెత్తారు.

ఒకే కాలువ నీటిని పంచుకునేవారు ఒకరినొకరు కనిపెట్టి ఉండడం సహజం. ఒక్కొక్కప్పుడు మాటామాటా రావడమూ సహజమే. కాని కాలువకు గండి పడితే రాత్రివేళ లాంతరు పట్టుకుని మొదట పరుగెత్తవలసినవారు ఆ ఇద్దరే. ‘రైవల్’ అనే చోట ‘ఎనిమీ’ అని రాసేవారు, పలికేవారు మరచిపోయేది ఆ కాలువనే.