బిందెడు నీళ్ల కోసం ఓ ఆట

ఇంట్లో చుక్క నీళ్లు లేవు. బావి చాలా దూరం. దారిలో తుపాకులు పట్టుకున్న ముఠాలు బండ్లేసుకుని తిరుగుతున్నాయి. అయినా ఎవరో ఒకరు వెళ్లి నీళ్లు తేవాలి. ఎవర్ని పంపుతారు?

ఇంటిపెద్ద ఉన్నాడు కదా, ముప్ఫయ్యేళ్ల రహమాన్... అతణ్ని పంపిద్దామనే అనిపిస్తుంది ఎవరికైనా. కానీ అతని బొమ్మమీద మౌస్ నొక్కితే కంప్యూటర్ ఒప్పుకోదు. మగవాడు బయటికెళితే చంపేసే ప్రమాదముంది కాబట్టి నీళ్లకు వాళ్లు వెళ్లడం చాలా అరుదు, ఇంకొకరిని ఎంచుకోమంటుంది. ఇక మిగిలింది ఆడవాళ్లూ పిల్లలూ. ఆ పిల్లల్లో పదేళ్లవాళ్లూ పన్నెండేళ్లవాళ్లూ ఉన్నారు. వాళ్లలోంచి ఒకరిని పంపాలి. ఆట మొదలయ్యేది అక్కడే!

దాని పేరు 'డార్ఫర్ ఈజ్ డైయింగ్'. అంటే, డార్ఫర్ చచ్చిపోతోంది అని. తయారుచేసింది పెద్ద పెద్ద కంపెనీలేం కాదు, అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా విద్యార్థులు. 'సమాజానికి పనికొచ్చే వీడియోగేమ్ తయారుచేయండి' అంటూ పెట్టిన ఓ పోటీలో 2006లో నెగ్గిన ఆట అది.

వీడియోగేమ్ అనగానే మన ఇళ్లలో ముందు వినిపించేది తిట్లే. కళ్లు పాడవుతాయనీ, చదువు అటకెక్కుతుందనీ, కొట్టుకోవడం తప్ప అందులో ఏముంటుందనీ... ఆ మాటల్లో కొంత నిజం లేకపోలేదు. అలాంటిది, వేల మైళ్ల దూరంలో జనం చచ్చిపోతుంటే దానిమీద ఆట తయారుచేయడమేంటి? ఈ ప్రశ్న అప్పుడు అమెరికాలోనూ చాలామంది అడిగారు.

కాలేజీ పిల్లలకో సవాల్

డార్ఫర్ అనేది సూడాన్ దేశానికి పశ్చిమాన ఉన్న ప్రాంతం. 2003లో అక్కడి తిరుగుబాటుదారులు ప్రభుత్వం మీద ఆయుధాలు పట్టారు. వాళ్లను అణచడానికి ప్రభుత్వం జంజవీద్ అనే సాయుధ ముఠాల్ని ఉసిగొల్పింది. గుర్రాలమీదా ఒంటెలమీదా వచ్చిన ఆ ముఠాలు ఊళ్లకు ఊళ్లు తగలబెట్టాయి. ఈ ఘోరం మొత్తానికి దాదాపు 3 లక్షలమంది బలైపోయి ఉంటారని 2008లో ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. ఇళ్లు వదిలి శిబిరాల్లో తలదాచుకున్నవాళ్ల సంఖ్య 20 లక్షలపైమాటే.

అంత జరుగుతున్నా, అమెరికా కాలేజీల్లో చదువుకునే కుర్రాళ్లకు డార్ఫర్ ఎక్కడుందో తెలియదు. పేపర్లో వార్త వస్తే పేజీ తిప్పేసేవాళ్లే ఎక్కువ. మరి వాళ్లకు ఎలా చెప్పాలి? వాళ్లు రోజూ గంటలతరబడి కూర్చునే చోటే చెబితే! ఎంటీవీ సంస్థ కాలేజీ విద్యార్థుల కోసం నడిపిన 'ఎంటీవీయూ' చానల్‌కు ఆ ఆలోచన వచ్చింది. రీబాక్ మానవహక్కుల ఫౌండేషన్, ఇంటర్నేషనల్ క్రైసిస్ గ్రూప్‌లతో చేతులు కలిపి 'డార్ఫర్ డిజిటల్ యాక్టివిస్ట్' పేరుతో పోటీ పెట్టింది. సామాజిక ప్రయోజనం ఉన్న ఆటల్ని ప్రోత్సహించే 'గేమ్స్ ఫర్ చేంజ్' సంస్థ 2005 అక్టోబరులో న్యూయార్క్‌లో ఓ సదస్సు నిర్వహించింది. పోటీ సంగతి ప్రకటించింది అక్కడే. ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో సుసానా రూయిజ్ అనే పీజీ విద్యార్థిని కూడా ఉంది.

ఆమె వెనక్కి వెళ్లి స్నేహితుల్ని కూడగట్టింది. వాళ్లెవరూ యుద్ధ నిపుణులు కారు. అందుకని డార్ఫర్‌లో పనిచేసి వచ్చిన సహాయ సంస్థలవాళ్లను కూర్చోబెట్టి వివరాలు అడిగారు. శిబిరంలో రోజెలా గడుస్తుంది? నీళ్లెలా వస్తాయి? ఆట మొత్తం నీళ్లచుట్టూ తిరగడానికి కారణం ఉంది. డార్ఫర్ ఆడవాళ్లకు అన్నింటికంటే ప్రమాదకరమైన పని బిందె పట్టుకుని శిబిరం గడప దాటడమే. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ 2005 మార్చిలో ఓ నివేదిక ఇచ్చింది. అంతకుముందు కొద్ది నెలల్లోనే తమ దగ్గరికి అత్యాచార బాధితులు దాదాపు 500 మంది చికిత్సకు వచ్చారనీ, వాళ్లలో ఎక్కువమంది మీద దాడి జరిగింది నీళ్లకో కట్టెలకో వెళ్లినప్పుడేననీ అందులో ఉంది. మైళ్లదూరం నడిచి నీళ్లు మోసిన తల్లులూ అమ్మమ్మలూ మన పల్లెల్లోనూ ఉన్నారు. వాళ్లకు కాళ్లనొప్పులే తప్ప ప్రాణభయం లేదు.

పోటీకి వచ్చిన ఆటల్లోంచి న్యాయనిర్ణేతలు కొన్నింటిని వడబోశారు. వాటిని జనం ముందు పెట్టి, ఆడి చూసి ఓటేయమన్నారు. రూయిజ్ బృందం గెలిచింది. డార్ఫర్‌ను కాపాడమంటూ 2006 ఏప్రిల్ 30న వాషింగ్టన్‌లో వేలమందితో ఓ భారీ సభ జరిగింది. హాలీవుడ్ నటుడు జార్జ్ క్లూనీ, అప్పటికి సెనేటర్‌గా ఉన్న ఒబామా కూడా మాట్లాడిన సభ అది. ఆట విడుదలైంది ఆ రోజే.

దొరికిపోతే...

ఆడటం చాలా తేలిక. కీబోర్డు మీది బాణం గుర్తులతో పరుగెత్తాలి. వెనక బండి చప్పుడు దగ్గరవుతుంటే స్పేస్‌బార్ నొక్కి ఏ పొద చాటునో నక్కాలి. బావి దాకా చేరితే సరిపోదు, నీళ్లతో తిరిగి రావాలి. వచ్చాక తెర మారుతుంది. శిబిరం మొత్తం పైనుంచి కనిపిస్తుంది. తెచ్చిన నీళ్లతోనే కూరగాయలు పండించాలి, గుడిసెలు కట్టాలి. నీళ్లు అయిపోతే మళ్లీ ఎవరో ఒకర్ని పంపాలి. ఇలా ఏడు రోజులు నెట్టుకొస్తే గెలిచినట్టు.

మధ్యలో దొరికిపోతే మాత్రం ఢాం ఢాం అని చప్పుళ్లుండవు. రక్తం కనిపించదు. పంపిన పిల్లకు ఏం జరిగి ఉంటుందో రెండు ముక్కల్లో రాసి ఉంటుంది. డార్ఫర్ ఆడపిల్లలు ఎదుర్కొనే దారుణాలేమిటో చెబుతుంది. మామూలు ఆటల్లో అయితే 'మళ్లీ ఆడతారా' అని అడిగి ఊరుకుంటారు. ఇక్కడ అడిగే తీరు వేరు. మీరు సూడాన్‌లో ఉన్న మనిషి కాదు, ఎక్కడో దూరంగా కంప్యూటర్ ముందు కూర్చున్నారు కాబట్టి మీకు ఇంకో అవకాశం ఉంది, కావాలా... అని దాని భావం. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఆటను గుర్తుపెట్టుకోవచ్చు.

తెరమీద ఇంకో సదుపాయమూ పెట్టారు. ఆట ఆడుతూనే అమెరికా అధ్యక్షుడికి ఉత్తరం పంపొచ్చు, పార్లమెంటు సభ్యులకు విన్నపం పెట్టొచ్చు, స్నేహితులకు ఆట గురించి చెప్పొచ్చు. 2006 సెప్టెంబరుకల్లా 8 లక్షలమందికిపైగా ఆడారు. పదుల వేలమంది ఉత్తరాలో మెయిళ్లో పంపారు. విద్యార్థులు నెలల్లో తయారుచేసిన ఉచిత ఆటకు అది చిన్న సంఖ్యేం కాదు.

నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు

జనం చావుని బొమ్మలాట చేస్తారా అని మండిపడ్డవాళ్లున్నారు. ఇంకొందరి అభ్యంతరం ఇంకాస్త లోతైంది. ఈ గొడవ ఎందుకు మొదలైంది, పొలాలకోసం పశువుల మేతకోసం రైతులకూ కాపరులకూ ఎప్పట్నుంచో ఉన్న తగవులేంటి, ఖార్టూమ్‌లోని ప్రభుత్వం ఏంచేసింది... ఇవేవీ ఆటలో లేవు. పైగా ఏడు రోజుల్లో గెలిచేయొచ్చు. నిజమైన శిబిరంలో ఎనిమిదో రోజు కూడా ఉంటుంది.

ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయితే ఓ పుస్తకం చేయాల్సిన పనిని పదిహేను నిమిషాల ఆట నుంచి ఆశించడం కూడా న్యాయం కాదు. వార్త చదివేటప్పుడు ఎవరూ మనల్ని 'ఎవర్ని పంపుతావు' అని అడగరు. ఈ ఆట అడుగుతుంది. చేతిలో మౌస్ పట్టుకుని ఓ పిల్లను ఎంచుకున్నాక, ఆమెకేమైందన్నది పరాయి సంగతి కాదు.

అదే ఏడాది అదే యూనివర్సిటీ పెట్టిన ఇంకో పోటీలో 'పీస్‌మేకర్' అనే ఆటకు బహుమతి వచ్చింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల ఆట అది. అందులో ఇజ్రాయెల్ ప్రధానిగానో, పాలస్తీనా అధ్యక్షుడిగానో ఉండి శాంతి సాధించాలి. ఒకవైపు ఆడి గెలిచాక రెండోవైపు నుంచి ఆడితే అప్పుడు తెలుస్తుంది తంటా. దాని రూపకర్తల్లో ఒకరైన ఆసి బురాక్ తర్వాత గేమ్స్ ఫర్ చేంజ్ సంస్థకే సారథి అయ్యారు. ఆ సంస్థ ఇప్పుడు స్కూలు పిల్లలకు కూడా ఇలాంటి పోటీలు పెడుతోంది. ఇక రూయిజ్, సహవిద్యార్థిని యాష్లీ యార్క్‌తో కలిసి 'టేక్ యాక్షన్ గేమ్స్' అని సొంత సంస్థ పెట్టింది.

ఆ డిసెంబరు 31

'డార్ఫర్ ఈజ్ డైయింగ్' ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేది. దానికి అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31న మంగళం పాడింది. ఆ ఆటను మామూలు బ్రౌజర్‌లో తెరిచి ఆడే వీలు దాంతో పోయింది. విచిత్రమేమిటంటే, డార్ఫర్‌లో 2007 నుంచీ ఉన్న ఐక్యరాజ్యసమితి, ఆఫ్రికన్ యూనియన్‌ల ఉమ్మడి శాంతిదళం గడువు ముగిసిందీ సరిగ్గా ఆ రోజే.

2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో మళ్లీ యుద్ధం మొదలైంది. ఈసారి సైన్యానికీ, ఆర్ఎస్ఎఫ్ అనే దళానికీ మధ్య. ఆ దళం పుట్టింది పాత జంజవీద్‌ల నుంచే. ఎల్ ఫాషర్ పట్నం పక్కనున్న జంజం శిబిరంలో కరవు వచ్చిందని 2024 ఆగస్టులో నిపుణులు ధ్రువీకరించారు. 2025 ఏప్రిల్‌లో ఆ శిబిరం ఆర్ఎస్ఎఫ్ వశమైంది, అక్టోబరులో ఎల్ ఫాషరే పడిపోయింది. జంజవీద్ నాయకుల్లో ఒకడైన అలీ కుషాయబ్‌ని ఇరవై ఏళ్లకిందటి నేరాలకు అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు దోషిగా తేల్చింది కూడా ఆ అక్టోబరులోనే.

జంజం నుంచి పారిపోయిన లక్షలమంది తవీలా అనే చిన్న ఊరు చేరారు. 2025 ఆగస్టునాటికి అక్కడ కలరా ప్రబలింది. తాగడానికీ, వండుకోవడానికీ, కడుక్కోవడానికీ అన్నింటికీ కలిపి మనిషికి రోజుకు దొరుకుతున్నవి సగటున 3 లీటర్ల నీళ్లేనని డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ లెక్కగట్టింది.