పాలసీసాతో నిద్రపుచ్చుతున్నారా?

బుచ్చిరెడ్డిపాలెం లాంటి ఊళ్లో ఇప్పుడు మందుల షాపులోనే పాలపొడి డబ్బాలు దొరుకుతాయి. తల్లిపాలు చాలకపోతే డాక్టరు సలహాతో వాడటంలో తప్పేమీ లేదు. అయితే బిడ్డకు ఏడాదిన్నర వచ్చేసరికే పై ముందు పళ్లు గోధుమరంగుకు తిరిగి, అంచులు విరుగుతుంటే మాత్రం 'పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి' అని ఊరుకోకండి. పాలలో ఏ చక్కెర ఉంది? అది నోట్లో ఎంతసేపు నిలుస్తోంది? ముందు ఈ రెండూ చూడండి.

చక్కెరలన్నీ ఒకటి కావు

పళ్లను పుచ్చబెట్టే బ్యాక్టీరియాల్లో ముఖ్యమైనది స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్. ఇది చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతుంది. పంటి మీద పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. పాలలో సహజంగా ఉండే ల్యాక్టోజ్ నుంచీ ఆమ్లం పుడుతుంది గానీ దాని ప్రభావం తక్కువ. మనం వాడే పంచదార, అంటే సుక్రోజ్‌తో ముప్పు ఎక్కువ. బ్యాక్టీరియా దాంతో జిగురు తయారుచేసుకుని పంటిని అంటిపెట్టుకుంటుంది.

ల్యాక్టోజ్ లేని కొన్ని పాలపొడుల్లో మాల్టోడెక్స్‌ట్రిన్, కార్న్ సిరప్ పొడి వాడతారు. నాలుకకు అంత తీపిగా అనిపించవు. కానీ లాలాజలంలోని ఎంజైమ్ వీటిని చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. బ్యాక్టీరియాకు కావలసింది అవే.

రాత్రి సీసాతోనే చిక్కు

నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. ఆమ్లాన్ని కడిగేవారుండరు. సీసా నోట్లోనే ఉంటే పాలు పై పళ్ల చుట్టూ నిలిచిపోతాయి. కింది ముందు పళ్లకు నాలుక అడ్డుగా ఉంటుంది కాబట్టి అవి చాలావరకు తప్పించుకుంటాయి.

మీరు చేయాల్సినవి

* డబ్బా మీద పదార్థాల జాబితా చదవండి. సుక్రోజ్ ఉంటే పిల్లల డాక్టరును అడగండి. సొంతంగా డబ్బా మార్చకండి, పొడి తగ్గించి పాలు పల్చన చేయకండి.
* సీసాలో పంచదార, పటికబెల్లం, తేనె కలపకండి.
* పాలు తాగాక పళ్లు తుడిచి పడుకోబెట్టండి. ఏడాది నిండేసరికి సీసా మాన్పించి గ్లాసు అలవాటు చేయండి. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె ఈ విషయంలో సీసా కంటే మేలు.
* మీరు ఎంగిలి చేసిన చెంచా బిడ్డ నోట్లో పెట్టకండి. బ్యాక్టీరియా అలాగే చేరుతుంది.
* తొలి పన్ను రాగానే బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజూ రెండుసార్లు తోమండి.

వారానికోసారి పై పెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున సున్నపు గీతలా తెల్లమచ్చ కనిపిస్తే అది తొలి హెచ్చరిక. ఈ దశలో ఫ్లోరైడ్ పూతతో పంటిని కాపాడుకోవచ్చు. గుంట పడితే వెనక్కి తేలేం. అందుకే మొదటి పుట్టినరోజులోపే ఒకసారి దంతవైద్యుడికి చూపించండి, నెల్లూరు దాకా వెళ్లాల్సి వచ్చినా సరే. బిడ్డ నమలడానికీ, స్పష్టంగా మాట్లాడటానికీ, శాశ్వత దంతాలకు చోటు నిలపడానికీ ఆ పాలపళ్లే ఆధారం.