ఒక భాష యింట మరియొక భాష

బాగేపల్లి సంతలో బేరము తెలుగున సాగును. తాలూకా కచేరికి ఇచ్చు అర్జీ కన్నడమున వ్రాయబడును. చింతామణి, చిక్కబళ్ళాపురములందును ఇది నిత్యానుభవమే. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది ఇచ్చటికి వచ్చిన క్రొత్తలో, రెండు భాషల నడుమ బిడ్డలు నలిగిపోవుదురేమో యని మేమును శంకించితిమి. తలిదండ్రులు నేటికిని ఆ ప్రశ్న వేయుచుందురు. కంప్యూటరులందును రెండు భాషలు ఒక్క యింట కాపురముండు పద్ధతి కలదు. దానిని విద్యార్థులకు వివరింతుము.

పెద్ద ప్రోగ్రాములు పెక్కు 'సి' వంటి భాషలలో వ్రాయబడినవి. అవి వేగముగా నడచును. కాని అందొక పంక్తి మార్చినను, ప్రోగ్రామును మరల యంత్రభాషలోనికి మార్చి నిర్మింపవలెను. కావున తరచుగా మారు పనులను వేరొక చిన్న భాషలో వ్రాసి, ఆ భాషను చదివి నడపు భాగమును పెద్ద ప్రోగ్రాములోనే ఇముడ్చుదురు. పెద్దది గృహస్థు, చిన్నది అతిథి.

అట్టి అతిథి భాషలలో 'లువా' ప్రసిద్ధమైనది. పోర్చుగీసున ఈ మాటకు చంద్రుడని యర్థము. బ్రెజిలు దేశపు రియో డి జనీరో నగరమున, కాథలిక్కు విశ్వవిద్యాలయమందు ముగ్గురు పండితులు 1993లో దీనిని రూపొందించిరి. సి, లువా భాషలు విలువలను దాచుకొను రీతులు వేరు. కావున వాని ఇచ్చిపుచ్చుకొనుటలు కంచముల దొంతర వంటి యొక స్థలమున జరుగును. గృహస్థు ముందుగా చేయవలసిన పనిని, పిదప 12, 8 అను సంఖ్యలను దొంతరపై పెట్టును. అతిథి వానిని కూడి 20ని అచ్చటనే ఉంచును. అతిథియు గృహస్థును పని అడుగవచ్చును. అయితే గృహస్థు అనుమతించిన పనులు మాత్రమే.

దీనికి మన భాషలోనే నిదర్శనము కలదు. తెలుగు వికీపీడియా 2003లో ఆరంభమైనది. దానిని నడపు ప్రోగ్రాము 'పి.హెచ్.పి.' భాషలో నున్నది. 2013లో వికీపీడియాలందు లువాను ఇమిడ్చిరి. వ్యాసముల ప్రక్కన కనబడు సమాచార పట్టికల వంటివి పెక్కు దాని సాయముననే సిద్ధమగును. అతిథి తెంపులేక తిరుగుచు ఇల్లంతయు స్తంభింపజేయకుండ, పుటకు 10 సెకన్ల గడువు విధించిరి. ఒక్క పుటలో పి.హెచ్.పి., లువా, తెలుగు మూడును తమ తమ పనులు చేయుచున్నవి. ఏదియు మరియొకదానిని తుడిచివేయలేదు.

పోలిక ఇంతవరకే. మన తెలుగు ఈ నేలపై అతిథి కాదు. తరతరముల నుండి ఇచ్చటిదే. కాని ఒక్క పాఠము గ్రహింపదగినది. చెడుపు రెండు భాషలుండుట వలన కలుగదు. వానిని సగము సగముగా నేర్చుట వలన కలుగును. దొంతరపై పెట్టినవాని వరుస తప్పినచో లెక్కయే తప్పును. కావున తలిదండ్రులు శంక విడిచి, బిడ్డలచే తెలుగును, కన్నడమును రెంటిని చక్కగా చదివింతురు గాక.