లారీ ముందద్దం లోపల లైట్ బార్: ఎందుకు? ఎలా?

రాత్రి పొద్దుపోయాక హైదరాబాద్‌లోని నార్సింగి, కోకాపేట, నానక్‌రాంగూడ రోడ్లన్నీ టిప్పర్లవే. పగటిపూట నగరంలో భారీ వాహనాలకు ఆంక్షలుంటాయి కాబట్టి మట్టి, కంకర, సిమెంటు రాత్రే కదులుతాయి. ఐటీ కంపెనీల క్యాబులు నైట్ షిఫ్టు వాళ్లను ఇళ్లకు చేర్చేదీ అప్పుడే. ఈ రెండూ ఎదురెదురు పడితే పేచీ వెలుతురు దగ్గర వస్తుంది. హెడ్‌లైట్లు చాలడం లేదని లారీ డ్రైవరు ఎల్‌ఈడీ లైట్ బార్ కొంటాడు. దాన్ని బంపర్‌కు కాకుండా ముందద్దం లోపల, సీలింగుకు ఆనించి బిగించమనే వాళ్లూ ఉన్నారు. అది పనికొస్తుందా? బిగిస్తే ఎలా బిగించాలి?

బయట అంత చోటుండగా లోపలెందుకు?

కారణాలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. బయట పెడితే రాత్రి పార్కింగులో ఎవరైనా విప్పుకుపోవచ్చు. క్వారీ దుమ్ము, వాన నీరు లోపలికి చేరి లైటు తొందరగా పాడవుతుంది. రివర్సులోనో లోడింగులోనో దెబ్బ తగులుతుంది. క్యాబిన్ లోపలైతే ఈ బాధలు లేవు, బాడీకి రంధ్రాలు వేసే పనీ లేదు. ఆర్పేస్తే బయటివాళ్ల కంట పడదన్నది పైకి చెప్పని కారణం.

మధ్యలో అద్దం ఉంటే వెలుతురుకు ఏమవుతుంది?

అద్దానికి రెండు ముఖాలు. వెలుతురు నేరుగా తాకితే ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెనక్కి తిరుగుతుంది, అంటే మొత్తం 8 శాతం దాకా. అద్దం వాలుగా ఉన్నకొద్దీ ఇది పెరుగుతుంది. కారు అద్దంలా బాగా వాలి, కిరణం 65 డిగ్రీల కోణంలో తాకితే ఐదో వంతు వెనక్కే వస్తుంది. మన లారీల ముందద్దాలు చాలావరకు నిటారుగా ఉంటాయి కాబట్టి నష్టం తక్కువే. అయితే పోయేదాని కంటే తిరిగొచ్చేదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఆ 8 శాతం డ్యాష్‌బోర్డు మీద, స్టీరింగు మీద, డ్రైవరు కళ్లల్లో పడుతుంది. లోపల లైట్లు వేసిన ఆఫీసు బస్సులో రాత్రి కిటికీలోంచి చూస్తే రోడ్డు కనిపించదు, మన మొహమే కనిపిస్తుంది. లైట్ బార్ డ్రైవరుకు చేసేదీ అదే.

దుమ్ము దీనికి తోడు. ముందద్దం పై అంచును వైపరు తుడవదు. బార్ సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. తుడవని అద్దం మీది మట్టి, చినుకులు వెలుతురును నలుదిక్కులా చిమ్ముతాయి. జూలై వానల్లో ఆ పై అంచు తెల్లగా మెరుస్తూ ఉంటుంది, దారి మాత్రం మసకబారుతుంది.

ఎత్తు మీద ఉంటే దూరం కనిపిస్తుంది కదా?

కనిపిస్తుంది. కానీ ఎదుటివాడి సంగతి? లారీ అద్దం పై అంచు నేల నుంచి రెండున్నర మీటర్లు ఉందనుకుందాం. ఎదురుగా వచ్చే కారు డ్రైవరు కళ్లు ఒకటింబావు మీటరు ఎత్తులో ఉంటాయి. 50 మీటర్ల దూరంలో ఆ కళ్లు బార్ కంటే ఒకటిన్నర డిగ్రీ కిందే ఉన్నట్టు లెక్క. నేరుగా ముందుకు కొట్టే బార్ వెలుతురులో అది నట్టనడుమ. కిందికి వంచితే ఇంకా సూటిగా కొడుతుంది. హెడ్‌లైటుకు డిప్ కొట్టినప్పుడు పై భాగాన్ని కత్తిరించే గీత ఉంటుంది, మామూలు లైట్ బార్‌కు అది ఉండదు. హెడ్‌లైట్లను కింద పెట్టడంలోనూ, వాటికి ఆ గీత ఇవ్వడంలోనూ ఉద్దేశం ఎదుటివాడి కళ్లు కాపాడటమే.

కళ్లు జిగేల్‌మన్నవాడికి ఏమవుతుందో లెక్క వేయండి. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. రెండు సెకన్లు కళ్లు చెదిరితే 44 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లకు 120 దాకా అనుమతి ఉంది. ఆ వేగంలో అదే రెండు సెకన్లు 66 మీటర్లు.

చట్టం ఏమంటోంది?

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది దీని గురించే. లైటుకు 8 మీటర్ల ముందు, అర మీటరు కుడికి, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి జిగేలు కొట్టకుండా వెలుతురు కిందికి వంగి ఉండాలి, లేదా డ్రైవరు వంచగలిగేలా ఉండాలి. 108వ నిబంధన ముందువైపు ఎర్ర లైటును నిషేధిస్తుంది. పోలీసు, ఫైరింజన్ లాంటి అత్యవసర వాహనాల రంగులు వాటికే. అద్దం చుట్టూ ఎరుపు, నీలం పట్టీలు మెరిపించే డీసీఎం వ్యాన్ల వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. వీటికి తోడు, అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 2019 సవరణ చట్టం 182ఏ సెక్షన్‌లో చేర్చింది. లైటు అద్దం లోపల ఉందా, బయట ఉందా అన్న తేడా ఈ నిబంధనలకు లేదు. ముందుకు వెలుతురు పడితే చాలు.

ఇంకేం చిక్కులున్నాయి?

మొదటిది వేడి. ఎల్‌ఈడీ తీసుకునే కరెంటులో సగానికి పైగా వేడిగానే మారుతుంది. బయటైతే గాలి ఆ వేడిని లాగేస్తుంది. అద్దానికి, సీలింగుకు మధ్య ఇరుకులో గాలి ఆడదు, లైటు ఆయుష్షు తగ్గుతుంది. అప్పటికే రాయి తగిలి చిట్లిన అద్దమైతే ఒకేచోట వేడెక్కి చీలిక పాకవచ్చు.

రెండోది ఫాస్టాగ్. అది అతికించేదీ ముందద్దం లోపలే. లైట్ బార్ అల్యూమినియం ఒళ్లు దానికి అడ్డొస్తే రేడియో సంకేతం అందదు, టోల్ గేటు తెరుచుకోదు.

మరి లోపల బిగించదగ్గ లైటే లేదా?

ఉంది, కానీ అది దారి చూపే లైటు కాదు. చెడిపోయిన బండిని లాగే రికవరీ వాహనం రోడ్డు పక్కన ఆగి పనిచేసేటప్పుడు, ‘ఇక్కడ మనుషులున్నారు’ అని చెప్పే ఆరెంజ్ హెచ్చరిక లైటు. దానికి కూడా రంగు, అనుమతి సంగతి ముందుగా ఆర్‌టీఏలో అడిగి తెలుసుకోవాలి.

బిగించే పద్ధతి ఇదీ. లైటు ముఖం అద్దానికి ఆనుకునేలా, చుట్టూ నల్ల రబ్బరు అంచు ఉండాలి. సందు లేకపోతే తిరిగొచ్చే వెలుతురు క్యాబిన్‌లోకి రాదు. జిగురు టేపును నమ్మొద్దు, ఎండలో మెత్తబడి ఊడిపోతుంది. బ్రాకెట్టుతో సీలింగుకు బిగించాలి. వైపరు తుడిచే మేర చూసి, డ్రైవరు చూపుకు అడ్డం రాని చోట, ఫాస్టాగ్‌కు దూరంగా పెట్టాలి.

వైరింగుకు ముందు వోల్టేజీ చూడండి. పెద్ద లారీల్లో 24 వోల్టులు, చిన్న ట్రాలీల్లో 12. 120 వాట్ల లైటు మొదటిదాంట్లో 5 ఆంపియర్లు, రెండోదాంట్లో 10 ఆంపియర్లు లాగుతుంది. వైరు మందం, ఫ్యూజు దాన్ని బట్టే ఉండాలి. ఫ్యూజును బ్యాటరీ దగ్గరే పెట్టి, స్విచ్చుకు రిలే తగిలించాలి. సిగరెట్ లైటరు వైరులో కలిపితే వైరు కాలిపోయే ప్రమాదం ఉంది.

దారి నిజంగానే కనిపించకపోతే?

హెడ్‌లైటునే బాగుచేయండి. హాలోజన్ బల్బుకు చేరే వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు 30 శాతం దాకా పడిపోతుంది. పాత వైరు, తుప్పు పట్టిన ఎర్త్ చేసేది ఇదే. ఎర్త్ శుభ్రం చేయించి, మందం వైరుతో రిలే వేయిస్తే తగ్గిన వెలుతురు తిరిగొస్తుంది. పసుపెక్కిన లెన్స్ పాలిష్ చేయించండి. ముందద్దాన్ని లోపలివైపు కూడా తుడవండి. లోడు వేశాక హెడ్‌లైట్ ఎక్కడ పడుతుందో గోడ మీద చూసుకోండి.

లారీకి, ఎదుటి క్యాబుకు రెండింటికీ మేలు చేసే ఖర్చు ఇదే. అద్దం లోపలి లైట్ బార్‌కు పెట్టే డబ్బు ముందు ఎర్త్ వైరుకు పెట్టండి. ఎదురుగా బండి వస్తే డిప్ కొట్టండి.